నిలకడ లేని చలికాలం, గేట్ల మధ్య పిల్లలు

వెర్మాంట్‌లో గానీ మిన్నెసోటాలో గానీ, పిల్లల స్కీ పందేల క్లబ్బు ఏడాది ప్రణాళిక దాదాపు ఒకేలా ఉంటుంది. సెప్టెంబరు నుంచి మైదానంలో పరుగులు, కసరత్తు. నవంబరు చివర థాంక్స్‌గివింగ్ సెలవులకు మొదటిసారి మంచు మీదికి వెళ్లడం. క్రిస్మస్ సెలవుల్లో రోజంతా సాధన. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంచుమించు ప్రతి వారాంతమూ ఒక పందెం, మార్చిలో రాష్ట్ర, ప్రాంతీయ పోటీలు. రుసుములు మంచు పడకముందే కట్టేస్తారు, పందేలు జరిగే ఊళ్లలో గదులు ముందే మాట్లాడుకుంటారు. ఇంతా చేశాక డిసెంబరు మధ్యలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురుస్తుంది.

2023-24 చలికాలం ఇలాగే గడిచింది. అలాస్కా, హవాయి మినహా మిగిలిన 48 అమెరికా రాష్ట్రాలను కలిపి చూస్తే, 1895 నుంచి ఉన్న లెక్కల్లో అంత వెచ్చటి చలికాలం ఇంకొకటి లేదు. 2023 డిసెంబరు 18న వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాల్లో వానలకు నదులు పొంగాయి. స్కీ కొండల మీద యంత్రాలతో పేర్చుకున్న మంచు చాలా చోట్ల ఆ నీటితోనే కొట్టుకుపోయింది. విస్కాన్సిన్‌లో ఫిబ్రవరిలో జరిగే 50 కిలోమీటర్ల బిర్కెబైనర్ స్కీ పరుగును 10 కిలోమీటర్ల కృత్రిమ మంచు దారి మీద చుట్లు తిప్పి జరిపారు. అయితే మరుసటి ఏడాది, 2025 జనవరిలో, అదే దేశంలో గట్టి చలి పడింది. మంచు ఏటా ఒకే తీరుగా తగ్గిపోతుంటే క్లబ్బులు ఏదో ఒక ఏర్పాటు చేసుకునేవి. ఒక ఏడు ఎండగట్టి, మరో ఏడు గడ్డకట్టించి, ఒకే వారంలో వానా చలీ రెండూ చూపించే చలికాలానికి మాత్రం ప్రణాళిక వేయడం కష్టం.

ఈ విషయం మీద వచ్చే రాతలు ఎక్కువగా ఒలింపిక్స్ గురించో, పెద్ద రిసార్టుల నష్టాల గురించో ఉంటాయి. పదమూడేళ్ల పిల్ల వైపు నుంచి చూసినవి తక్కువ. ఆ వైపు నుంచి చూస్తే వాతావరణం చేసే అసలు నష్టం రద్దయిన పందేల్లో లేదని నా అభిప్రాయం. పందెం రద్దయితే అందరికీ ఒకేసారి రద్దవుతుంది. సాధన రద్దయినప్పుడు మాత్రం డబ్బున్న ఇంటి పిల్లలు మంచు ఉన్న చోటికి వెళ్లిపోతారు, మిగిలినవాళ్లు ఆగిపోతారు. చలికాలం ఎంత తడబడితే ఈ ఎడం అంత పెరుగుతుంది.

ముందు శాస్త్రవేత్తలు ఏం తేల్చారో చూద్దాం. యూరప్‌లోని 2,234 స్కీ కేంద్రాలను పరిశీలించిన ఒక అధ్యయనం 2023లో వెలువడింది. భూతాపం 2 డిగ్రీలు పెరిగితే, కృత్రిమ మంచు సాయం లేకుండా వాటిలో 53 శాతానికి మంచు కొరత ముప్పు చాలా తీవ్రంగా ఉంటుందని అది లెక్కగట్టింది. 4 డిగ్రీలు పెరిగితే 98 శాతానికి. వాలుల్లో సగభాగాన్ని యంత్రాల మంచుతో కప్పగలిగితే ఆ అంకెలు 27కు, 71కి దిగుతాయి. అంటే యంత్రం గండం తప్పించదు, వాయిదా వేస్తుంది. డార్ట్‌మత్ కళాశాల పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనం ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పింది. చలికాలపు సగటు ఉష్ణోగ్రత సున్నాకు 8 డిగ్రీల కంటే బాగా కింద ఉండే చోట కొంచెం వెచ్చబడినా మంచు పెద్దగా తగ్గదు. ఆ గీత దాటి పైకి వచ్చిన చోట ప్రతి అదనపు డిగ్రీకీ నష్టం అంతకంతకూ పెరుగుతుంది. అమెరికా ఈశాన్య ప్రాంతంలో 1981 నుంచి 2020 వరకు నేల మీద నిలిచిన మంచు దశాబ్దానికి 10 నుంచి 20 శాతం తగ్గిందని వాళ్లు తేల్చారు. పిల్లల క్లబ్బులు దట్టంగా ఉన్న ప్రాంతాల్లో అదొకటి.

స్విట్జర్లాండ్‌లో 1970 నుంచి 2015 దాకా మంచు నమోదులను పరిశీలిస్తే, మంచు కాలం 12 రోజులు ఆలస్యంగా మొదలై 26 రోజులు ముందుగా ముగుస్తున్నట్టు తేలింది. నవంబరు పోతే పోయింది, పందేలన్నీ ఏప్రిల్‌కు జరుపుకుందాం అనేవాళ్లు ఈ రెండో అంకెను మరవకూడదు. సహజమైన మంచు మొదట్లో కన్నా చివర్లోనే ఎక్కువ తరిగిపోతోంది. జనవరి చలిలో యంత్రాలతో మందంగా పేర్చుకున్న మంచు ఉన్నచోటే మార్చి నెలాఖరు పందేలు నిలబడతాయి.

ఈ అధ్యయనాలన్నీ సగటుల గురించి మాట్లాడతాయి. క్లబ్బు కోచ్‌ది శనివారం ఉదయం ఆరు గంటల గొడవ. అది అర్థం కావాలంటే స్కీ పందేనికి కావలసిన మంచు ఎలాంటిదో తెలియాలి. చూడటానికి వచ్చినవాళ్లకి మెత్తగా, పొడిపొడిగా, మోకాలి లోతున పడిన మంచు ముచ్చటగా ఉంటుంది. పందేనికి అదే శత్రువు. రాత్రి కొత్త మంచు పడితే కోచ్‌లూ తల్లిదండ్రులూ తెల్లవారుజామున స్కీలను అడ్డంగా పెట్టి కిందికి జారుతూ ఆ పొడినంతా దారి పక్కకు నెట్టాలి. ఎందుకంటే పందెంలో అందరూ ఒకే దారిన, దారి చూపేలా పాతిన ఒకే గేట్ల చుట్టూ తిరుగుతారు. మంచు మెత్తగా ఉంటే ప్రతి మలుపులోనూ ముందు వెళ్లినవాళ్ల స్కీలు గాడి కోసేస్తాయి. పదో నంబరుతో బయలుదేరే పిల్లకు నున్నటి దారి దొరుకుతుంది, ఎనభయ్యో నంబరు పిల్లకు గుంతల కాలువ దొరుకుతుంది. ప్రపంచ కప్పు స్లాలమ్‌లో రెండో పరుగుకు మొదటి 30 మంది వరుసను తిరగేస్తారు, ఈ అన్యాయం కొంతైనా సర్దుకోవాలని. ఎనభయ్యో నంబరు పిల్లకు ఆ తిరగేత వల్ల ఒరిగేదేమీ లేదు. వెచ్చటి రోజున ఫలితాల పట్టిక చాలా వరకు బయలుదేరే వరసను చెప్పే బిబ్ నంబర్ల పట్టికే.

అందుకే ఉప్పు చల్లుతారు. ఐస్‌క్రీం చేసేటప్పుడు డబ్బా చుట్టూ ఐసులో ఉప్పు కలిపితే ఏం జరుగుతుందో కొండ మీదా అదే జరుగుతుంది. ఉప్పు పై పొరను కొంత కరిగిస్తుంది, ఆ కరగడానికి కావలసిన వేడిని కింది మంచు నుంచి లాక్కుంటుంది, దాంతో కిందిదంతా మళ్లీ గట్టిపడుతుంది. మెత్తటి బురద మంచు పావుగంటలో పలకలా బిగుసుకుంటుంది. అయితే దానికి మంచులో తగినంత తడి ఉండాలి, చల్లే వేళ కుదరాలి, పైగా ఆ గట్టిదనం కొన్ని గంటలే నిలుస్తుంది. ఆ తర్వాత మంచు మునుపటికంటే పాడవుతుంది. ఆదివారం పందెం కాపాడుకోవాలని శనివారం సాధనకు ఉప్పు వాడకుండా దాచుకునే క్లబ్బులున్నాయి, మంగళవారం సాధన మాట మరిచి ఆదివారమే అంతా చల్లేసేవీ ఉన్నాయి. నన్నడిగితే మంగళవారమే ఎక్కువ విలువైంది.

వాన పడి, రాత్రికి చలి పెరిగి గడ్డకట్టినప్పుడు ఇంకో చిక్కు. పైకి గట్టిగానే ఉంటుంది, అక్కడక్కడా అద్దంలా జారుతుంది. దారి మధ్యలో మంచు ఉన్నా అంచుల్లో గడ్డి, రాళ్లు తేలుతాయి. పిల్లలు పడినప్పుడు జారి ఆగడానికి పక్కన ఖాళీ మంచు ఉండాలి. ఆ ఖాళీ లేనప్పుడు వలలు ఎన్ని కట్టినా పందెం ఆపేయాలి. ఈ ఒక్క విషయంలో తల్లిదండ్రులు కోచ్ మీద ఒత్తిడి తేకూడదు. గదికి కట్టిన డబ్బు తిరిగి రాదన్నది పందెం జరపడానికి కారణం కాకూడదు.

స్కీల అడుగున రాసే మైనం సంగతి రెండు ముక్కల్లో చెప్పవచ్చు. తడి మంచు మీద బాగా జారే ఫ్లోరిన్ మైనాలు చాలా ఖరీదైనవి, నీటిలోనూ ఒంటిలోనూ పేరుకుపోయేవి. అంతర్జాతీయ స్కీ సమాఖ్య 2023-24 నుంచి వాటిని నిషేధించింది. పిల్లల క్రీడకు ఈ మధ్య జరిగిన మేళ్లలో ఇదొకటి.

ఇక యంత్రపు మంచు. మంచు లేని చలికాలం కొత్తదేమీ కాదు. 1949-50లో కనెక్టికట్‌లోని మొహాక్ కొండ యజమాని వాలు మీద ఐసు గడ్డలు పిండి చేసి పరిచాడు. ఆ రోజుల్లోనే అదే రాష్ట్రంలో స్కీలు తయారుచేసే ముగ్గురు ఇంజనీర్లు గాలి, నీరు కలిపి చిమ్మి మంచు చేసే పద్ధతి కనిపెట్టారు. సూత్రం ఇప్పటికీ అదే. సన్నటి నీటి తుంపర నేలను తాకేలోపు గడ్డకట్టాలి. అందుకు తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే గాలిలోని తేమను కూడా లెక్కలోకి తీసుకునే కొలత, సున్నాకు రెండు డిగ్రీలు కిందైనా ఉండాలి. గాలి పొడిగా ఉంటే థర్మామీటరు సున్నా చూపిస్తున్నా మంచు తయారవుతుంది. గాలిలో తేమ నిండి ఉంటే సున్నాకు ఒక డిగ్రీ కింద ఉన్నా సరిగ్గా తయారవదు. అట్లాంటిక్ తేమ తగిలే న్యూ ఇంగ్లండ్‌లో నవంబరు రాత్రులు ఇలాంటి అంచుమీదే ఉంటాయి.

కొత్తగా పడిన సహజ మంచు ఘనపు మీటరుకు సుమారు 100 కిలోలు తూగితే, యంత్రపు మంచు 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. అది దట్టంగా ఉంటుంది, ఆలస్యంగా కరుగుతుంది, త్వరగా గాడి పడదు. అందుకే పందేలవాళ్లకు ఇది రెండో రకం సరుకు కాదు, అసలు సరుకు. 2022 బీజింగ్ ఒలింపిక్స్ దాదాపు పూర్తిగా దీని మీదే జరిగాయి. దీనికి అయ్యే నీరు, విద్యుత్తు తక్కువేమీ కావు. ఘనపు మీటరు మంచుకు దాదాపు అర ఘనపు మీటరు నీరు కావాలి. వెయ్యి మీటర్ల ఎత్తున్న కొండనంతా ఇలా కప్పడం ఎంతవరకు సబబన్నది గట్టిగానే అడగాల్సిన ప్రశ్న. వంద మీటర్ల కొండ సంగతి వేరు. వరసగా కొన్ని చలి రాత్రులు చిక్కితే దాన్ని కప్పేయవచ్చు.

ఆ వంద మీటర్ల కొండ దగ్గరే ఈ ప్రశ్నకు నేను చూసిన మంచి సమాధానం ఉంది. మిన్నియాపోలిస్ శివార్లలో, జాతీయ రహదారి పక్కనే బక్ హిల్ అనే గుట్ట ఉంది. అడుగు నుంచి కొసకు ఎత్తు వంద మీటర్లు కూడా ఉండదు. ఆస్ట్రియా నుంచి వచ్చిన ఎరిక్ సైలర్ అనే కోచ్ అక్కడ దశాబ్దాల పాటు పిల్లలకు నేర్పాడు. పద్ధతి సాదాగా ఉంటుంది. బడి వదిలాక సాయంత్రం దీపాల వెలుగులో స్లాలమ్ గేట్లు పాతి ఉంటాయి. కిందికి రావడానికి అర నిమిషం చాలు, తాడు పట్టుకుంటే అది పైకి లాక్కుపోతుంది, మళ్లీ కిందికి. పెద్ద కొండ మీద లిఫ్టు వరసలో నిలబడే సమయానికి ఇక్కడ పిల్లలు ఎన్నో పరుగులు చేసేస్తారు. లిండ్సే వాన్ అక్కడే మొదలుపెట్టింది. నాలుగుసార్లు ప్రపంచ కప్పు ఓవరాల్ విజేత, 2010 వాంకూవర్‌లో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచిన మనిషి, పునాది వేసుకున్నది రహదారి పక్క గుట్ట మీద.

ఇంకా దూరం వెళ్తే డేవ్ రైడింగ్ కనిపిస్తాడు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, పెండిల్ అనే చోట, అతను స్కీయింగ్ నేర్చుకున్నది మంచు మీద కూడా కాదు, ప్లాస్టిక్ పరిచిన వాలు మీద. తోటి ఆటగాళ్లలో చాలామంది ఆల్ప్స్‌లో పెరిగారు. అతను 2022 జనవరిలో, 35 ఏళ్ల వయసులో, కిట్జ్‌బూయల్ స్లాలమ్ గెలిచి ఆల్పైన్ ప్రపంచ కప్పు పందెం నెగ్గిన మొదటి బ్రిటన్‌వాడయ్యాడు. ఈ ఇద్దరినీ చూసి చిన్న వాలుంటే చాలు, ఛాంపియన్లు పుడతారని అనడం తప్పు. ఆ గుట్ట మీద మొదలుపెట్టి ఎక్కడికీ చేరనివాళ్లు లెక్కలేనంత మంది. కానీ బాల్యంలో కావలసింది ఎత్తయిన కొండా లోతైన మంచూ కాదని, ఇంటికి దగ్గర్లో మాటిమాటికీ దొరికే ఒక గట్టి వాలని వీళ్ల వల్ల తెలుస్తుంది. నిలకడ లేని చలికాలంలో అలాంటి చోటును నిలబెట్టుకోవడం మంచును వెతుక్కుంటూ విమానాలెక్కడం కంటే చవక, న్యాయం కూడా.

విమానాలెక్కడమే ఇప్పుడు ఎక్కువ జరుగుతోంది. అక్టోబరులో ఆస్ట్రియా హిమనదాల మీద శిబిరాలు, ఆగస్టులో చిలీలోనో న్యూజిలాండ్‌లోనో శిబిరాలు. ఒకప్పుడు జాతీయ జట్లు మాత్రమే చేసిన పనిని ఇవాళ పద్నాలుగేళ్ల పిల్లల తల్లిదండ్రులు సొంత ఖర్చుతో చేయిస్తున్నారు. ఆ హిమనదాలైనా నిలకడగా ఉన్నాయా అంటే, స్విస్ హిమనదాలు 2022, 2023 రెండేళ్లలోనే తమ పరిమాణంలో పదో వంతు పోగొట్టుకున్నాయి. 2022 జూలై చివర్లో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ తన వేసవి స్కీయింగ్‌ను ఆపేయాల్సి వచ్చింది. అదే జెర్మాట్, ఇటలీలోని చెర్వీనియాల మధ్య మొదలుపెడదామనుకున్న శరత్కాలపు డౌన్‌హిల్ ప్రపంచ కప్పు పందేలు 2022లో మంచు చాలక, 2023లో వాతావరణం అనుకూలించక ఒక్కటీ జరగలేదు. 2023 ఫిబ్రవరిలో ఆస్ట్రియా ఆటగాడు యూలియన్ షుటర్ చొరవతో వంద మందికి పైగా క్రీడాకారులు అంతర్జాతీయ స్కీ సమాఖ్యకు లేఖ రాశారు. పందేల కాలాన్ని ఆలస్యంగా మొదలుపెట్టండి, ఖండాల మధ్య అనవసర ప్రయాణాలు తగ్గించండి అన్నది అందులోని ముఖ్యమైన కోరిక. ఈ కోరిక పిల్లల క్లబ్బులకూ అక్షరాలా వర్తిస్తుంది. ప్రయాణాలు తగ్గితే పొగ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది.

హాళ్ల లోపలి వాలులు ఒక మధ్యేమార్గం. నెదర్లాండ్స్‌లోని లాండ్‌గ్రాఫ్ హాలులో జాతీయ జట్లే స్లాలమ్ సాధన చేస్తాయి. న్యూజెర్సీలో 2019 డిసెంబరులో తెరిచిన బిగ్ స్నో ఉత్తర అమెరికాలో మొదటి లోపలి స్కీ వాలు. ఎడిసన్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు అది కారులో కొద్ది దూరమే. చిన్న పిల్లలు భయం పోగొట్టుకోవడానికి అక్కడ బాగుంటుంది. అయితే మే నెలలో కూడా మైనస్ డిగ్రీల చలిని పట్టి ఉంచడానికి అయ్యే విద్యుత్తు మాట వచ్చేసరికి బయటి చిన్న కొండే మెరుగనిపిస్తుంది.

క్లబ్బులు తమ చేతిలో ఉన్న పంచాంగాన్ని మార్చుకోవడానికి ఎందుకు వెనకాడతాయో నాకు బోధపడదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు డిసెంబరు పందేలు అక్కర్లేదు. ఆ నెలలో దొరికే ప్రతి చలి గంటనూ గేట్ల మధ్య సాధనకు వాడుకోవాలి. జనవరి మొదట్లోని రెండు పందేల పాయింట్లతో ప్రాంతీయ జట్టును ఎంపిక చేసే పద్ధతి వాన పడిన ఏడు ఘోరంగా దెబ్బతింటుంది. ఎంపికను మార్చి దాకా తెరిచి ఉంచితే ఆలస్యంగా మంచు వచ్చిన కొండల పిల్లలకు అవకాశం మిగులుతుంది. వేగపు పందేల విషయంలో మాత్రం ఇంత ధీమాగా మాట్లాడలేం. సూపర్ జి, డౌన్‌హిల్ నేర్చుకోవడానికి పొడవైన వాలు, దారి పొడవునా వలలు, అడుగుకో కాపలా మనిషి కావాలి. వాటిని బక్ హిల్ ఇవ్వలేదు. పెద్ద కొండలు సీజను మధ్యలో నాలుగు రోజులు దారి మూసి పిల్లలకిస్తేనే అది సాధ్యం. మంచు తక్కువైన ఏడు, తెరిచిన దారులే రెండో మూడో ఉన్నప్పుడు, డబ్బు కట్టి వచ్చినవాళ్లను కాదని ఏ కొండా ఆ పని చేయదు. పదహారేళ్లకు చాలినంత అలవాటు లేకుండా డౌన్‌హిల్ గేటు దగ్గర నిలబడే పిల్లల గురించి అందరికంటే ముందు ఆలోచించాల్సింది జాతీయ సమాఖ్యలు.

మన దేశంలో ఈ కథ మరింత నగ్నంగా కనిపిస్తుంది. కశ్మీరులోని గుల్‌మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది, గొండోలా దాదాపు 3,980 మీటర్ల దాకా తీసుకెళ్తుంది. మంచు తెచ్చేది మధ్యధరా వైపు నుంచి వచ్చే వాయుగుండాలు. అవి రాకపోతే ఏమీ లేదు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్‌మార్గ్ నేల గోధుమ రంగులోనే ఉండిపోయింది. కశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలిచే, డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజుల గట్టి చలి మంచు లేకుండానే చాలా వరకు గడిచింది. నెలాఖరున మంచు పడ్డాక ఫిబ్రవరిలో ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు జరిగాయి. 2025లో ఫిబ్రవరి 22న మొదలు కావలసిన గుల్‌మార్గ్ పోటీలు మంచు చాలక మార్చి 9కి వాయిదా పడ్డాయి. పోటీలు జరిగాయి కాబట్టి అంతా సర్దుకుందని వార్తలు వచ్చాయి. గుల్‌మార్గ్ దగ్గరి టంగ్‌మార్గ్ పిల్లలు పోగొట్టుకున్న జనవరి సాధన మాట ఎవరికీ పట్టలేదు. ఆ ప్రాంతంలో పెరిగి 2022 బీజింగ్‌లో మన దేశం తరపున ఒక్కడే వెళ్లిన ఆరిఫ్ ఖాన్ జెయింట్ స్లాలమ్‌లో 45వ స్థానంలో నిలిచాడు. 2018లో తుర్కియేలో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీ పోటీలో మనకు మొదటి పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ మనాలీ దగ్గరి బురువా గ్రామం పిల్ల. వీళ్ల ప్రతిభ వెనక ఇంట్లోవాళ్ల పట్టుదల ఉంది గానీ, సాయంత్రం బడి అయ్యాక నడిచి వెళ్లి గేట్ల మధ్య తిరిగే చోటంటూ లేదు.

ఉత్తరాఖండ్‌లోని ఔలీలో 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం మంచు యంత్రాలు పెట్టారు. అవి మూలనపడ్డాయని ఆ తర్వాత పత్రికలు పదేపదే రాశాయి. 2023 ఫిబ్రవరిలో అక్కడ జరగవలసిన జాతీయ పోటీలు మంచు లేక రద్దయ్యాయి. యంత్రాలు కొనడానికి డబ్బు దొరికింది. చలి రాత్రి రెండింటికి తడి బల్బు అంకె చూసుకుని పంపు ఆన్ చేసే ఉద్యోగికి, తెల్లవారాక ఆ మంచును చదును చేసే మనిషికి, సాయంత్రం గేట్లు పాతే కోచ్‌కి ఏడాది పొడవునా జీతం ఇచ్చే ఏర్పాటు దొరకలేదు. బక్ హిల్ మీద పిల్లలకు దొరికింది అలాంటి రోజువారీ ఏర్పాటే. ఔలీలోనో గుల్‌మార్గ్‌లోనో వంద మీటర్ల ఎత్తున్న ఒక్క వాలుకు అలాంటిది చేయడానికి ఒక్క ఏడాది క్రీడోత్సవాల వేదికా, అతిథుల బసా కుదించుకుంటే చాలు.